ఐడ్లింగ్‌లో ఊగిసలాట

అమెరికాలో ఆరిజోనా ఎడారి మధ్యన లండన్ బ్రిడ్జి ఉంది. నమూనా కాదు, 1831లో థేమ్స్ నది మీద తెరిచిన అసలు వంతెన రాళ్ళే. వంతెన తన బరువుకే కుంగుతోందని లండన్ నగరం దాన్ని అమ్మకానికి పెడితే, 1968లో రాబర్ట్ మెకల్లక్ అనే వ్యాపారి 24 లక్షల 60 వేల డాలర్లకు కొన్నాడు. పైరాళ్ళకు నంబర్లు వేయించి ఓడల్లో తెప్పించి, 1971 నాటికి లేక్ హవాసు సిటీలో మళ్ళీ నిలబెట్టాడు. ముందు పొడి నేల మీద వంతెన కట్టి, ఆ తరవాత దాని కింద కాలువ తవ్వారు! మెకల్లక్ పేరు చైన్ రంపాల మీద చూసినవాళ్ళు ఉంటారు. ఆయన పడవల వెనక తగిలించే మోటార్లు కూడా తయారుచేశాడు. కార్లకు పాక్స్‌టన్ సూపర్‌చార్జర్లు తెచ్చిందీ ఆయనే. మోటార్లు పరీక్షించుకోవడానికి నీళ్ళు వెతుక్కుంటూ, కొలరాడో నదికి పార్కర్ డ్యామ్ కట్టినప్పుడు ఏర్పడ్డ ఈ సరస్సు దగ్గరికి వచ్చి, ఏకంగా ఊరే కట్టేశాడు.

ఆ వంతెన కింది కాలువలో అలలు లేపకూడదని నిబంధన. గంటకు 100 మైళ్ళు దాటగల పడవ కూడా అక్కడ నడిచే మనిషి వేగంతో పోవాల్సిందే. మహా ఇంజన్ల బలహీనత ఏమిటో వినాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. సూపర్‌చార్జరు, దాని నెత్తిన రెండు కార్బురేటర్లు పెట్టుకున్న పడవ ఆ కాలువలోకి వచ్చిందంటే, ఒక్కోసారి దాని ఇంజను ఊగడం చెవికి తెలుస్తుంది. నిమిషానికి 800 చుట్లకు పడుతుంది, ఆగిపోతుందేమో అనిపిస్తుంది, అంతలో 1200కు లేస్తుంది, మళ్ళీ పడుతుంది. థ్రాటిల్‌ని ఎవరూ ముట్టుకోరు. ఇంజనే ఊగుతూ ఉంటుంది. మెకానిక్కులు దీన్ని సర్జింగ్ అంటారు, హంటింగ్ అని కూడా అంటారు.

దీన్ని పెద్ద క్యామ్ గడబిడతో కలిపేయకూడదు. వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే రేసు క్యామ్ ఉన్న ఇంజను ఐడ్లింగ్‌లో ఎలాగూ తిన్నగా కొట్టుకోదు. ఒక దెబ్బ గట్టిగా పడుతుంది, మరొకటి నీరసంగా పడుతుంది, మధ్యలో ఒకటి ఎగిరిపోతుంది. పడవల కుర్రకారుకు ఆ చప్పుడంటే ప్రాణం. ఆ గడబిడలో వరస ఉండదు. సర్జింగ్‌లో వరస ఉంటుంది. సెకనుకో రెండు సెకన్లకో ఒకసారి, చేతిగడియారం పెట్టుకుని లెక్కపెట్టవచ్చు. ఎక్కడైనా ఇలా క్రమం తప్పని ఊగు కనిపించిందంటే, ఫలితం తిరిగి వెళ్ళి కారణాన్ని కదుపుతోందనీ, అదీ కాస్త ఆలస్యంగా కదుపుతోందనీ అనుమానించాలి. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచింది ఇంతే: ఏ భాగమూ చెడిపోకుండానే ఇంజను ఊగగలదు. ఒక్కో భాగాన్నీ మార్చుకుంటూ పోయే మెకానిక్కు డబ్బు ఖర్చుపెట్టిస్తాడు గానీ ఊగు ఆపలేడు.

ముందు యంత్రం సంగతి. ఈ పడవల్లో ఎక్కువగా కనిపించే సూపర్‌చార్జరు వయసు పెట్రోల్ ఇంజను వయసు కన్నా ఎక్కువ. ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్‌లో ఫిలాండర్ రూట్స్, ఫ్రాన్సిస్ రూట్స్ అనే అన్నదమ్ములు 1860లో దీనికి పేటెంటు తీసుకున్నారు. పెట్టెలో రెండు రోటర్లు ఒకదాన్నొకటి తాకకుండా ఎదురెదురుగా తిరుగుతూ, అంచుల్లో గాలిని పట్టి ఒక వైపు నుంచి మరో వైపుకు తోస్తాయి. మొదట కొలుముల్లోకి గాలి ఊదడానికి వాడారు. 1938లో జనరల్ మోటార్స్ తన 71 రకం టూ-స్ట్రోక్ డీజిల్ ఇంజన్లకు దీన్ని బిగించింది. ఆ ఇంజన్లు తమంతట తాము గాలి పీల్చుకోలేవు, ఎవరో ఊదాలి. ఆరు సిలిండర్లు, ఒక్కోటి 71 ఘనపు అంగుళాలు కాబట్టి దానికి ఊదే సూపర్‌చార్జరుకు, అంటే బ్లోయరుకు, 6-71 అని పేరు పడింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక లారీల, పడవల డీజిల్ ఇంజన్ల నుంచి ఊడిన బ్లోయర్లను రేసు కుర్రాళ్ళు పెట్రోల్ ఇంజన్ల మీదికి ఎక్కించారు. ఇవాళ కొత్తగా చేసే బ్లోయర్లనూ ఆ అంకెలతోనే పిలుస్తారు.

కార్బురేటర్లు ఈ బ్లోయరు పైన కూర్చుంటాయి. అంటే పెట్రోలూ గాలీ కలిసి బ్లోయర్లోంచి దిగి, కింద ఉన్న పెద్ద మానిఫోల్డులోకి వెళ్ళి, అక్కడినుంచి ఎనిమిది సిలిండర్లకు పంచుకుపోతాయి. మనవైపు 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బైకుల్లో కార్బురేటరు దాదాపు మాయమైంది గానీ, పాత బండికి స్లో స్క్రూ తిప్పి ఐడ్లింగ్ నిలబెట్టిన చేతులు ఇంకా చాలా ఉన్నాయి. సూత్రం అదే. థ్రాటిల్ పలక మూసుకుని ఉన్నప్పుడు దాని కిందనున్న సన్నని రంధ్రంలోంచి మాత్రమే పెట్రోలు దిగుతుంది. పలక కొంచెం తెరుచుకునేసరికి, పక్కనే నిలువుగా ఉన్న చీలిక బయటపడి అది కూడా పెట్రోలు ఇస్తుంది. ఇంకా తెరిస్తే అసలు నాజిలు పనిలోకి దిగుతుంది. పడవ ఇంజనుకు ఇలాంటి గొంతులు రెండు కార్బురేటర్లలో కలిపి ఎనిమిది.

మామూలు కారు ఇంజను ఐడ్లింగ్‌లో ఊగకుండా ఎలా నిలబడుతుంది? చూసుకునేవాడు లేకపోయినా దానికి సహజంగానే ఒక కాపలా ఉంది. గాలి ఒత్తిడిని పాదరసం అంగుళాల్లో కొలిస్తే బయట దాదాపు 30 ఉంటుంది. మామూలు ఇంజను ఐడ్లింగ్‌లో 18 నుంచి 20 అంగుళాల వాక్యూమ్ లాగుతుంది. అంటే మానిఫోల్డులో మిగిలేది 10, 12 అంగుళాలు. థ్రాటిల్ సందుకు అటూ ఇటూ ఒత్తిళ్ళ నిష్పత్తి 0.53 కన్నా తగ్గిందంటే ఆ సందులో గాలి ధ్వని వేగాన్ని అందుకుంటుంది. ఆ పైన అవతల ఎంత వాక్యూమ్ లాగినా లోపలికి వచ్చే గాలి పెరగదు. నాజూకు సంగతి ఇక్కడే ఉంది. సెకనుకు వచ్చే గాలి ఇంతే అని కట్టుబడిపోయాక, ఇంజను వేగం తగ్గితే ఒక్కో సిలిండరుకు దక్కే వాటా పెరుగుతుంది, దెబ్బ బలంగా పడుతుంది, వేగం కోలుకుంటుంది. వేగం పెరిగితే వాటా తగ్గుతుంది, ఇంజను నెమ్మదిస్తుంది. ఏ స్క్రూ, ఏ స్ప్రింగు చేయని పని ఇది. గాలి భౌతికశాస్త్రం ఊరికే చేసిపెడుతోంది.

పడవ ఇంజనుకు రేసు క్యామ్ పెట్టగానే ఈ కాపలా సగం పోతుంది. ఇన్‌టేక్ వాల్వు, ఎగ్జాస్ట్ వాల్వు ఒకేసారి తెరుచుకుని ఉండే కాలం ఎక్కువైతే, కాలిన వాయువు వెనక్కి మానిఫోల్డులోకి తోసుకువస్తుంది. వాక్యూమ్ 8 అంగుళాలకు పడిపోయిందనుకుందాం. లోపలి ఒత్తిడి 22 అంగుళాలు, నిష్పత్తి 0.73. థ్రాటిల్ సందులో గాలి ఇక ధ్వని వేగానికి చేరదు. ఇంజను ఎంత లాగితే అంత గాలి వస్తుంది. బ్లోయరు తన పైభాగాన కాస్త ఎక్కువ వాక్యూమ్ సృష్టించి ఆదుకోవాలి నిజానికి. కానీ ఆ నెమ్మది వేగంలో రోటర్ల సందుల్లోంచి చాలా గాలి వెనక్కి కారిపోతుంది, ఆదుకోవడం అంతంతమాత్రం.

మిగిలిన సగం కాపలా కూడా సరైన వేళకు రాదు. 454 ఘనపు అంగుళాల షెవర్లే ఇంజను తీసుకుందాం, ఈ పడవల్లో దశాబ్దాలుగా వాడుతున్నదే. సుమారు 7.4 లీటర్లు. నిమిషానికి 900 చుట్ల ఐడ్లింగ్‌లో ఇది సెకనుకు 55 లీటర్ల మిశ్రమాన్ని మింగగలదు. థ్రాటిల్ పలకకూ వాల్వులకూ మధ్య బ్లోయరు పెట్టె, మానిఫోల్డు కలిపి 14 లీటర్ల ఖాళీ ఉందని లెక్క కోసం అనుకుంటే, పైన జరిగిన మార్పు కింద తెలియడానికి పావు సెకను పడుతుంది. పావు సెకను ఏపాటి? ఆ లోపల ఇంజను దాదాపు నాలుగు చుట్లు తిరిగి, 15 సార్లు నిప్పు అంటుకుంటుంది. ఆ పదిహేను దెబ్బలూ పాత మిశ్రమంతో పడినవే. డెల్టా చివరి ఆయకట్టు రైతుకు ఇది చెప్పనక్కర్లేదు. పొలం ఎండుతోందని కబురు పంపితే లస్కరు ఎగువన షట్టరు ఎత్తుతాడు. నీళ్ళు వచ్చేసరికి వాన పడి మడి నిండి ఉంటుంది. వద్దని మళ్ళీ కబురు పెడితే షట్టరు దించుతాడు. ఆ తగ్గుదల పొలం చేరే వేళకు మడి మళ్ళీ నెర్రెలిచ్చి ఉంటుంది. రైతు తప్పు లేదు, లస్కరు తప్పు లేదు, కాలువ పొడవు అంతే.

దిద్దుబాటు ఆలస్యమైతే అదే తప్పుగా మారుతుందన్న సంగతిని ఇంజనీర్లు పెట్రోల్ ఇంజనుకు చాలా ముందే చూశారు. జేమ్స్ వాట్ 1788లో ఆవిరియంత్రానికి రెండు గుండ్ల గవర్నరు పెట్టాడు. యంత్రం జోరెక్కితే గుండ్లు విచ్చుకుని ఆవిరి తగ్గిస్తాయి. ఇది చాలా యంత్రాల్లో బ్రహ్మాండంగా పనిచేసింది, కొన్నింటిలో ఊగింది. గ్రీన్‌విచ్ ఖగోళశాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ టెలిస్కోపును నక్షత్రం వెంట తిప్పే యంత్రంలో అదే ఊగు చూసి, 1840లో దాని గణితం రాశాడు. 1868లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ గవర్నర్ల మీద ప్రత్యేకంగా ఒక పత్రమే రాసి, ఏ పరిస్థితుల్లో ఊగు దానంతటదే చల్లారుతుందో, ఏ పరిస్థితుల్లో పెరిగిపోతుందో తేల్చాడు. 1876లో రష్యాలో ఇవాన్ విష్నెగ్రాద్‌స్కీ ఆ లెక్కను ఫ్యాక్టరీ మనుషులకు పనికొచ్చే రూపంలోకి తెచ్చాడు. ఆయన తేల్చిన వాటిలో ఒకటి విచిత్రంగా ఉంటుంది. గవర్నరులో నిరోధం బాగా తగ్గించి నునుపుగా చేసేకొద్దీ యంత్రం నిలకడ కోల్పోతుంది. కొంత రాపిడి ఉండి తీరాలి.

ఈ గొడవకు రెండు పగ్గాలు ఉన్నాయి: ఆలస్యం ఎంత, దిద్దుబాటు జోరు ఎంత. బ్లోయరు పెట్టె కోసి చిన్నది చేయలేం కాబట్టి పావు సెకనును పెద్దగా తగ్గించలేం. ట్యూనింగ్ చేసేవాడి చేతిలో ఉన్నది జోరు. అతను చేసే పనులన్నీ, అతను ఈ మాటల్లో చెప్పకపోయినా, జోరు తగ్గించడానికే.

మొదటిది పెట్రోలు పాళ్ళు. పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువులో ఒక పాలుకు 14.7 పాళ్ళ గాలి కావాలి. పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకైతే 14.1 చాలు. అందుకే ఒకప్పుడు అసలు పెట్రోలుకు కుదిర్చిన కార్బురేటరు ఈ కొత్త పెట్రోలు పోస్తే దాదాపు 4 శాతం పలచబడుతుంది. ఇంజను బలం మాత్రం 12.5, 13 దగ్గర శిఖరం మీద ఉంటుంది. శిఖరం దగ్గర నేల చదును. పాళ్ళు కాస్త అటూ ఇటూ అయినా బలంలో తేడా రాదు. పలచటి వైపు దిగితే వాలు. అక్కడ పాళ్ళలో రవ్వంత మార్పుకు బలంలో పెద్ద మార్పు వస్తుంది, కొన్ని సిలిండర్లు అసలు అంటుకోవు కూడా. ఊగే ఇంజన్లలో ఎక్కువ శాతం ఈ వాలు మీద నిలబడి ఉంటాయని నా నమ్మకం. మిక్స్చర్ స్క్రూలు కొద్దికొద్దిగా బయటికి తిప్పి ఐడ్లింగ్‌కు పెట్రోలు పెంచితే చాలాసార్లు ఊగు ఆగిపోతుంది. స్క్రూలతో చాలకపోతే ఐడిల్ మార్గంలోకి గాలి కలిపే రంధ్రాన్ని చిన్నది చేస్తారు, లేదా పెట్రోలు రంధ్రాన్ని పెద్దది చేస్తారు. దీనికీ హద్దుంది. మరీ పెంచితే ప్లగ్గులు మసిబారి, కాసేపు ఐడ్లింగ్‌లో నడిచాక ఇంజను ఉక్కిరిబిక్కిరవుతుంది.

పెట్రోలు పెంచే ముందు పలక ఎక్కడుందో చూడాలి. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు, తరవాత బాధపడతారు. నీరసంగా ఉన్న ఇంజనును నిలబెట్టడానికి ఐడిల్ స్క్రూ బిగిస్తూ పోతే పలక తెరుచుకుని, నేను పైన చెప్పిన చీలిక చాలా మేరకు బయటపడుతుంది. పలక కింద అర మిల్లీమీటరు చీలిక కనిపిస్తే సరి. అంతకు మించితే మిక్స్చర్ స్క్రూల మాట సాగదు, ఎంత తిప్పినా ఇంజనులో మార్పు ఉండదు. పలక కదలకుండానే కావలసిన గాలి అందించాలి కాబట్టి, వెనక జత పలకలను కూడా సమంగా కాస్త తెరుస్తారు, కొందరు పలకలకే చిన్న రంధ్రం వేస్తారు. ఐడ్లింగ్‌లో స్పార్కు కొంచెం ముందుకు జరిపినా ఇదే ఉపకారం దక్కుతుంది. అంతే మిశ్రమంతో ఇంజను ఎక్కువ బలం ఇస్తుంది, పలకను వెనక్కి మూయవచ్చు.

స్పార్కు విషయంలోనే అందరూ ఆలస్యంగా గుర్తించే దొంగ ఉన్నాడు. డిస్ట్రిబ్యూటరులో రెండు తూకపు ముక్కలు, రెండు స్ప్రింగులు ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ ముక్కలు విచ్చుకుని స్పార్కును ముందుకు జరుపుతాయి. రేసు కుర్రాళ్ళు స్పార్కు త్వరగా ముందుకు రావాలని మెత్తటి స్ప్రింగులు వేస్తారు. అవి ఐడ్లింగ్ వేగంలోనే కదలడం మొదలుపెడితే చూడండి. వేగం కాస్త పెరగగానే స్పార్కు ముందుకు వస్తుంది, బలం పెరిగి వేగం ఇంకా పెరుగుతుంది. కాస్త తగ్గితే స్పార్కు వెనక్కి పోతుంది, వేగం మరింత పడుతుంది. దిద్దుబాటు కాదు కదా, ఇది పడేవాణ్ణి తోయడం. ఇలాంటి ఇంజనుకు కార్బురేటరు ఎన్నిసార్లు విప్పి బిగించినా ఫలితం ఉండదు. గట్టి స్ప్రింగులు వేసి ఐడ్లింగ్ దాటాకే ముక్కలు కదిలేలా చేయాలి, లేదా ముక్కలను కదలకుండా బిగించేయాలి. తెలుసుకోవడం తేలిక: టైమింగ్ లైటు పట్టుకుని చూస్తే, ఊగుతోపాటు గుర్తు కూడా అటూ ఇటూ నడుస్తుంది.

పవర్ వాల్వు మీద మాత్రం అకారణంగా నింద పడుతోంది. వాక్యూమ్ తగ్గితే తెరుచుకుని అదనపు పెట్రోలు ఇచ్చే వాల్వు అది. ఐడ్లింగ్‌లో వాక్యూమ్ తక్కువ కదా, అది తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుందని, అందుకే ఊగు అని అంటారు. కానీ అది పెట్రోలు పోసేది అసలు నాజిలు మార్గంలోకి. ఐడ్లింగ్‌లో ఆ నాజిలు మూగగా ఉంటుంది. పలక మరీ తెరిచిపెట్టి నాజిలు చుక్కలు రాల్చేలా చేస్తే తప్ప దానికి ఊగుతో సంబంధం తక్కువ. దాని అసలు ప్రమాదం వేరే చోట ఉంది. పడవ సగం థ్రాటిల్ మీద పరుగెత్తుతుంటే బ్లోయరు కింద ఒత్తిడి ఎక్కువగా, పైన మాత్రం ఇంకా వాక్యూమ్ ఉంటుంది. పైన చూసి మోసపోయిన వాల్వు తెరుచుకోదు, కింద సిలిండర్లు పలచటి మిశ్రమంతో మండి పిస్టన్లు కరుగుతాయి. అందుకే ఈ కార్బురేటర్లలో పవర్ వాల్వుకు సంకేతాన్ని బ్లోయరు కింద నుంచి గొట్టంతో తెస్తారు.

ఇంకో ఆలస్యం పెట్రోలు తడిలో దాగి ఉంది. చల్లటి ఇంజనులో పెట్రోలు అంతా ఆవిరవదు, రోటర్లకూ మానిఫోల్డు గోడలకూ అంటుకుంటుంది. వాక్యూమ్ పెరిగితే ఆ తడి ఒక్కసారి ఆవిరై మిశ్రమం చిక్కబడుతుంది, తగ్గితే పెట్రోలు మళ్ళీ గోడలకు అంటి మిశ్రమం పలచబడుతుంది. కాబట్టి చల్లటి ఇంజను ఊగిందని స్క్రూలు తిప్పడం వృథా శ్రమ. పూర్తిగా వేడెక్కనివ్వాలి.

పడవకు పడవ సొంత లక్షణాలు ఉన్నాయి. రేవులో గేరు వేయకుండా నిలబెట్టినప్పుడు ఊగిన ఇంజను, గేరు పడగానే సర్దుకోవచ్చు. ప్రొపెల్లరు తిప్పడానికి కావలసిన మెలిబలం వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం పెరిగితే నీరు వెంటనే వెనక్కి లాగుతుంది, తగ్గితే వదులుతుంది, మధ్యలో ఆలస్యం లేదు. విష్నెగ్రాద్‌స్కీ ఉండి తీరాలన్న రాపిడిని నది ఉచితంగా ఇస్తోంది. అందుకే పడవ ట్యూనింగ్ రేవులో పూర్తయిందని చెప్పేవాణ్ణి నేను నమ్మను. గేరులో పెట్టి, గేరు తీసి, రెండు విధాలా చూడాలి. ఇక ఈ ఇంజన్ల ఎగ్జాస్టులో చల్లబరచడానికి నీళ్ళు కలుపుతారు. రేసు క్యామ్ ఐడ్లింగ్‌లో వాయువును వెనక్కి లాగినప్పుడు ఆ నీటి తుంపర సిలిండర్లోకి రావచ్చు. ప్లగ్గులు తడిసి ఇంజను తడబడుతుంది. ఆ తడబాటుకు లయ ఉండదు కాబట్టి సర్జింగ్ అని పొరబడనక్కర్లేదు గానీ, పట్టించుకోకపోతే వాల్వులు తుప్పుపడతాయి.

గాలి కారడం కూడా చూడాలి. బ్లోయరు కింది గాస్కెట్టు, కార్బురేటరు కింది గాస్కెట్టు ఎక్కడ సందు ఇచ్చినా మిశ్రమం పలచబడుతుంది. ఒడ్డున కారు మెకానిక్కు మండే స్ప్రే కొట్టి కారే చోటు వెతుకుతాడు. పడవలో ఆ పని చేయకూడదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, పడవ అడుగున పేరుకుంటుంది. అమెరికా కోస్ట్ గార్డ్ నిబంధన ప్రకారం 1940 ఏప్రిల్ 25 తరవాత బిగించిన, పడవ లోపలుండే ప్రతి పెట్రోల్ ఇంజనుకూ వెనక్కి తన్నే మంటను ఆపే జాలీ, ఫ్లేమ్ అరెస్టరు, ఉండాలి. పడవ కార్బురేటర్ల గాలి గొట్టాలను వంచి, పొంగిన పెట్రోలు ఇంజనులోకే పడేలా చేయడం కూడా ఇందుకే. పలచటి మిశ్రమంతో ఊగే ఇంజను మానిఫోల్డులోకి ఎదురు తన్నే అవకాశం ఎక్కువ. పైగా బ్లోయరు కింద లీటర్ల కొద్దీ మండే మిశ్రమం నిలబడి ఉంటుంది. అన్నట్టు, ఆ జాలీ నూనె మరకలతో మూసుకుపోయినా పాళ్ళు మారిపోతాయి. ముందు దాన్ని కడిగి, తరవాతే స్క్రూడ్రైవరు పట్టుకోవాలి.

కొత్త పడవల్లో కార్బురేటరు స్థానంలో కంప్యూటరు పెట్రోలు చిమ్ముతుంది. ఐడ్లింగ్ నిలబెట్టడానికి అది గాలిని మాత్రమే నమ్ముకోదు. గాలి తెరిస్తే ఫలితం మానిఫోల్డు నిండాకే వస్తుందని దానికి రాసిపెట్టిన ఇంజనీర్లకు తెలుసు. స్పార్కు అలా కాదు, వచ్చే దెబ్బకే పనిచేస్తుంది. వేగం పెరగడం చూడగానే కంప్యూటరు స్పార్కును కాస్త వెనక్కి జరుపుతుంది, తగ్గితే ముందుకు తెస్తుంది. మెత్తటి స్ప్రింగులు చేసిన దొంగపనినే తిరగేసి చేయించారు.